కొంచెం పక్కకి జరుగు

బావ ఇంకా రాలేదు. బావ కోసం చెప్పిన సూపు బల్ల మీదికొచ్చి చాలాసేపయింది, ఆవిరి తగ్గి పైన సన్నటి పొర కట్టింది, పక్కన పెట్టిన రొట్టె ముక్కల అంచులు గట్టిపడుతున్నాయి. దాని ముందు కూర్చున్న గైడుకి ఆకలి దంచేస్తోంది. అయినా తినడానికి లేదు, ఎందుకంటే అతని తిండి బావ చెప్పాలి. అది వాళ్ళిద్దరి పద్ధతి. ఏ ఊరెళ్ళినా, ఏ పబ్బులో కూర్చున్నా ఎవరి పళ్ళెం వాళ్ళు చెప్పుకోకూడదు. బావకి బావమరిది చెప్పాలి, బావమరిదికి బావ చెప్పాలి, వచ్చింది వచ్చినట్టు తినాలి, మొహం చిట్లించకూడదు. బీరు మాత్రం ఎవరిది వాళ్ళు చెప్పుకోవచ్చు, అందుకని గైడు ముందు గ్లాసైనా ఉంది. ఖాళీ కడుపులో పడి అది తలని కాస్త తేలిక చేసింది గానీ మనసుని ఏమీ చెయ్యలేకపోయింది. పొద్దున తను అన్న మాటలు ఒక్కొక్కటీ వెనక్కొచ్చి పక్కన కూర్చుంటున్నాయి.

గైడు అని పేరు పెట్టింది కూడా బావే. వెక్కిరింతగా మొదలై ముద్దుపేరైంది, చివరికి ఇంటిల్లిపాదీ అలాగే పిలవడం మొదలుపెట్టారు. ఇప్పుడెవరైనా అసలు పేరుతో పిలిస్తే తనని కాదేమో అనుకుంటాడు. ఉద్యోగం బస్సు డిపోలో, టైమ్ టేబుళ్ళు వెయ్యడం. ఏ బస్సు ఎప్పుడు కదలాలి, ఏ స్టాపులో ఎంతసేపు నిలవాలి, డ్రైవరు టీ తాగడానికి ఎంత వ్యవధి ఇస్తే సరిపోతుంది అని ఏడాదంతా బుర్ర బద్దలు కొట్టుకునే మనిషి, సెలవు పెట్టి ఊరు చూడ్డానికొస్తే మాత్రం ఊరుకుంటాడా? రైలెక్కక ముందే కోట ఎప్పుడు, మ్యూజియం ఎప్పుడు, వంతెన మీద ఎండ ఎప్పుడు బాగా పడుతుంది, ఏ పబ్బులో భోజనం, అంతా సిద్ధం. "నన్ను కూడా బస్సే అనుకుంటున్నావురా, ఒక హారన్ కొనిపెట్టు" అనేవాడు బావ. అలాగే అనుకున్నాడు నిజానికి. ఎప్పుడూ ఆలస్యంగా నడిచే బస్సు, ప్రతి మెట్టు దగ్గరా ఆగే బస్సు, వెనకాల వచ్చేవాళ్ళందరి ముందూ తన పరువు తీసే బస్సు.

ఈ పబ్బులో మధ్యాహ్నం కూడా చీకటే. చేతికందే కప్పు, పొగచూరిన దూలాలు, ఎటు చూసినా నల్లబడిన చెక్క, సీసాల వెనక అద్దం, ఆ అద్దంలో మళ్ళీ అవే సీసాలు. తడిసిన కోట్ల వాసన, ఒలికి ఆరిపోయిన బీరు వాసన, వంటింట్లోంచి ఉల్లిపాయలు వేగుతున్న వాసన. నిన్న సాయంత్రం ఇద్దరూ ఇదే మూల, ఇదే కిటికీ పక్కన కూర్చున్నారు. కూర్చోగానే బావ బెంచీ మీది గుడ్డని వేళ్ళ మధ్య నలిపి, "మంచి నేతరా, ఎవరో ఇష్టపడి కొన్నారు" అన్నాడు. దర్జీ బుద్ధి, కోటకెళ్ళినా తెరలు పట్టుకుంటాడు, మ్యూజియంలో కాపలా మనిషి చేత చివాట్లు తింటాడు. కౌంటరు వెనక చేతులు పైకి మడిచి భుజాన తువ్వాలు వేసుకున్న ఆవిడ గ్లాసులు తుడుస్తోంది. ఆవిడ తల మీద నల్ల బోర్డు, దాని మీద సుద్దముక్కతో ఈ రోజు వంటకాలు. అవతల బల్ల దగ్గర ఇద్దరు ముసలాళ్ళు ఉలుకూ పలుకూ లేకుండా పేకాడుతున్నారు. వాళ్ళు కూడా బావా బావమరుదులేమో అనుకున్నాడు గైడు, ఒకరినొకరు అంత ఓపిగ్గా భరించాలంటే చుట్టరికం ఉండాల్సిందే. తలుపు తెరుచుకుంది. గొడుగు దులుపుకుంటూ ఎవరో లోపలికొచ్చారు, బావ కాదు. బావ దగ్గర గొడుగు లేదు, పొద్దున ఎండ కాసింది కదా, గొడుగు హోటల్ గదిలో ఉండిపోయింది. ఫోను కూడా అక్కడే మంచం పక్కన ఉండి ఉంటుంది. ఫోను జేబులో ఉంటే బరువట ఆయనకి. అంటే పిలుద్దామన్నా పిలవడానికి లేదు, పలకరించి క్షమించమందామన్నా లేదు. క్షమించమనాలని ఇంతకుముందు వరకూ అనుకోలేదు, ఇప్పుడే అనిపించింది, వాన మొదలయ్యాక.

ఎందుకన్నాడు ఆ మాటలు? గడియార స్తంభం మెట్లు ఎక్కుతున్నప్పుడే మొదలైంది కోపం. మెలికలు తిరిగే సన్నటి మెట్లు, బావ ఒక చెయ్యి గోడకి ఆనించి, పాదంతో ముందు మెట్టుని తడిమి, ఆ తర్వాతే అడుగు వేస్తున్నాడు, వెనకాల జనం పోగుపడిపోయారు, ఎవరో చిన్నగా నిట్టూర్చారు, ఆ నిట్టూర్పు గైడు మెడ మీద పడ్డట్టయింది. పైకెక్కాక ఊరంతా కాళ్ళ కిందికొచ్చింది: ఎర్ర పెంకుల కప్పులు, పొగగొట్టాలు, మధ్యలో వెండిపట్టీలా ఏరు, అవతలి ఒడ్డున పచ్చబారిన రాగి గుమ్మటం. తన ప్రాణం లేచొచ్చింది. "అదిగో బావా, ఆ గుమ్మటం చూడు, ఏటికి అవతల" అన్నాడు. బావ మొహం పక్కకు తిప్పాడు, అటు పక్క ఒట్టి గోడ, దాని మీద ఒక పావురం. "అటు కాదు బావా." "ఆఁ, బాగుంది" అన్నాడు బావ గోడ వైపు తిరిగే. ఆ బాగుంది అనే మాట వింటే ఒళ్ళు మండుతుంది గైడుకి. కోట బాగుంది, సూపు బాగుంది, చర్చి బాగుంది, రైల్వే స్టేషన్లో మరుగుదొడ్డి కూడా బాగుంది. ఇన్నాళ్ళుగా కూడబెట్టుకున్నదంతా అక్కడ, ఆ ఎత్తులో, బయటికొచ్చేసింది. "చూపించింది చూడవు. మాట్లాడుతుంటే మనిషి మొహం చూడవు. గోడలు చూడ్డానికైతే ఇంత దూరం దేనికి, మీ ఇంట్లో గోడల్లేవా? అసలెందుకొస్తావు నాతో?" అక్కడితో ఆగితే బావుండేది. ఆగలేదు. "అక్క ఉండుంటే దానికైనా చూపించేవాణ్ణి" అన్నాడు.  బావ, "నువ్వు తాపీగా చూసుకో. నేను కిందికెళ్ళి ఏటిగట్టున కూర్చుంటాను. భోజనం వేళకి నిన్నటి పబ్బుకొచ్చేస్తాలే" అన్నాడు, మామూలు గొంతుతోనే. అని, గోడకి చెయ్యి ఆనించి మెట్లు దిగడం మొదలుపెట్టాడు. గైడు ఆపలేదు. తోడు వెళ్ళలేదు. గుమ్మటం ఫొటో తీసుకున్నాడు, ఎండ సరిగ్గా పడిందని సంతోషపడ్డాడు కూడా.

వెళ్ళి వెతుకుదామంటే అక్క పెట్టిన ఆన అడ్డం. ముగ్గురూ కలిసి ఒకసారి ఇలా ఊరు చూడ్డానికెళ్ళినప్పుడు, సంత వీధిలో ఒకరినొకరు పోగొట్టుకుని, నువ్వు నన్ను వెతికి నేను నిన్ను వెతికి, పొద్దంతా ఒకరి వెనక ఒకరు తిరిగారు. దొరికాక అక్క ఇద్దరినీ నిలబెట్టి చివాట్లు పెట్టింది. ఇకమీదట ఎవరైనా తప్పిపోతే రెండోవాళ్ళు అనుకున్న చోట కూర్చోవాలి, కాలు కదపకూడదు, భూమి బద్దలైనా సరే. అక్క పోయి మూడు చలికాలాలైనా ఆ మాట మాత్రం ఇద్దరూ జవదాటలేదు. కూర్చోవడమే తన పని ఇప్పుడు. కూర్చోవడం ఇంత కష్టమని తెలియదు. డిపోలో కుర్చీలోంచి లేవకుండా సాయంత్రం దాకా కూర్చునే మనిషికి ఈ బెంచీ మీద ఒక్కచోట నిలవడం గగనమైపోయింది. కిటికీ అద్దం మందంగా, గరుగ్గా ఉంది, అందులోంచి వీధిలో పోయేవాళ్ళు నీళ్ళలో రంగుల్లా సాగుతున్నారు, నల్లకోటు పోతే బావేమో అనిపిస్తుంది, నల్లకోట్లు వేసుకోనివాళ్ళెవరున్నారు ఈ ఊళ్ళో?

నల్లకోటు అనగానే ఆ పాత జోకు గుర్తొచ్చింది, ఈసారి నవ్వు రాలేదు. పోయినేడు వెళ్ళిన ఊళ్ళో, పబ్బు గుమ్మంలో, కోట్లు తగిలించే కొయ్యకి ఎవరిదో పొడుగు కోటు, పైన టోపీ. బావ దాని ముందు ఆగి, కాస్త వంగి, "ముందు మీరు వెళ్ళండి" అన్నాడు. కోటు కదల్లేదు. "పరవాలేదు, మీరే వెళ్ళండి" అన్నాడు మళ్ళీ. గైడు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇంటికొచ్చాక మేనకోడలి పుట్టినరోజున చుట్టాలందరి ముందూ దాన్ని అభినయించి చూపించాడు, కొయ్యగా ఒకసారి, బావగా ఒకసారి. అందరూ విరగబడి నవ్వారు. అందరికంటే గట్టిగా బావ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ మంచినీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపి, బల్ల మీద మెల్లగా తడుముకుని, గ్లాసు అంచు లోపల వేలు పెట్టి నీళ్ళు పోసుకున్నాడు. వేలెందుకు పెట్టాడు? అప్పుడు చూసి, బావకి శుభ్రత తక్కువ అనుకున్నాడు తను. అలాంటివి ఎన్ని అనుకున్నాడో. పద్ధతి మొదలైన ఊళ్ళో ముళ్ళ చేప చెప్పాడు బావకి, కావాలనే, బోర్డు మీద అన్నిటికంటే ఎక్కువ ముళ్ళుండే చేప ఏదని అడిగి మరీ. బావ కత్తీ ఫోర్కూ పక్కన పెట్టేసి, చేప మాంసాన్ని వేళ్ళతో కొద్దికొద్దిగా విడదీసి, చిటికెన వేలితో ఒక్కొక్క ముల్లునీ తడిమి, పైకి తీసి పళ్ళెం అంచున పేర్చాడు. చుట్టుపక్కల వాళ్ళు చూస్తున్నారని తను తల దించుకున్నాడు. చివరికి ఒక ముల్లు గొంతులో దిగింది, బావ దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, రొట్టె ముద్ద మింగి, నీళ్ళు తాగి, "బాగుందిరా" అన్నాడు. మొహం చిట్లించకూడదు కదా.

బీరు అయిపోయింది. ఇంకోటి చెప్పాలనిపించలేదు. ఫోను తీసి ఫొటోలు వెనక్కి జరిపాడు, చేతులకేదో ఒక పని ఉండాలి కాబట్టి. ఈ పొద్దుటి గుమ్మటం, నిన్నటి వంతెన, పోయినేటి కోట, అంతకుముందేటి గంటల గోపురం. ఫొటోల గురించి గైడుకో పట్టుదల ఉంది: కట్టడం ఉన్న ఫొటోలో మనుషులుండకూడదు. మనుషులు ఎక్కడైనా ఉంటారు, అందరి ఫొటోల్లోనూ ఒకేలా పళ్ళు బయటపెడతారు, రాయి మాత్రం ఆ ఊరిది. ఇది డిపోలో పదిమందికి చెప్పి మెప్పించిన మాట. తను తీసినంత శుభ్రమైన ఫొటోలు ఎవరూ తియ్యలేరు, నిజమే. మనిషి జాడ లేదు. వేలు జరుపుతూ జరుపుతూ ముగ్గురూ వెళ్ళిన ఆ ఊరి దాకా వచ్చాడు. అక్క బతికుండగా అదొక్కసారే. వంతెన. సింహాల బొమ్మలు. సంత వీధి. అక్క ఎక్కడ? అక్క లేదు. ప్రతి ఫొటోకీ ముందు తన గొంతు గుర్తొస్తోంది, "కొంచెం పక్కకి జరుగు అక్కా, నువ్వు కూడా బావా, అడ్డంగా ఉన్నారు." అక్క బావ చెయ్యి పట్టుకుని పక్కకి జరిగేది. ఒక్కదాంట్లో మాత్రం, వంతెన ఫొటోలో, అంచున కొంచెం మోచెయ్యి పడింది, ఆకుపచ్చ స్వెట్టరు, దాని కింద గుడ్డసంచీ పట్టె. దాన్ని కూడా కత్తిరించేద్దామనుకుని బద్ధకించాడు. ఆ మోచెయ్యే ఇప్పుడు తన దగ్గరున్న అక్క. పెద్దది చేసి చూశాడు, పెద్దది చేసే కొద్దీ అది ఉత్త ఆకుపచ్చ రంగైపోయింది. గైడుకి ఏడుపొచ్చింది, పేకాడేవాళ్ళు చూస్తారేమోనని మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆ రోజంతా అక్క వసపిట్టలా వాగుతూనే ఉంది. ఇదిగో ఇక్కడ రెండు సింహాలు, ఎడం వైపుదానికి ముక్కు విరిగింది, ఏట్లో బాతులు, ఒకటి పెద్దది, దాని వెనక పిల్లలు. పబ్బులో బోర్డంతా పైకి చదివింది, స్టేషన్లో బస్సుల పేర్లు చదివినట్టు, పై నుంచి కింద దాకా ఒక్కటి కూడా వదలకుండా. "మెల్లగా అక్కా, అందరూ చూస్తున్నారు, మాకు చదవడం రాదనుకుంటున్నావా?" అన్నాడు తను. అక్క నవ్వి ఊరుకుంది, గొంతు తగ్గించింది, బావ చెవి దగ్గరికి వంగి మళ్ళీ మొదటి నుంచీ చదివింది.

"మీతో నిన్న వచ్చినాయన రాలేదా ఇంకా?" కౌంటరావిడ తువ్వాలుతో బల్ల తుడుస్తూ అడిగింది. "సూపు వేడి చేసి తెమ్మంటారా?" వద్దన్నాడు గైడు, వస్తాడు, వచ్చాక చెబుతాను అన్నాడు. "నిన్న మీరు చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు బోర్డు చదివి వినిపించమన్నారు ఆయన. అంతా విని, అందులో మీ ఇంటివాళ్ళకైతే ఏం పెడతారు, మా వాడికి అదే తెండి అన్నారు. ఇవాళ బోర్డు మార్చాం, వస్తే మళ్ళీ చదువుతానని చెప్పండి." ఆవిడ మామూలుగా చెప్పి వెళ్ళిపోయింది, ఏదో పెద్ద సంగతి చెప్పానని ఆవిడకి తెలియదు.

చదివి వినిపించమన్నాడు. గైడు ఖాళీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. నాకు నువ్వు చెప్పు, నీకు నేను చెబుతాను, సరదాగా ఉంటుందిరా, అని ఆ పద్ధతి పెట్టింది బావే, అక్క పోయాక వచ్చిన మొదటి ఊళ్ళో, బోర్డు చదివేవాళ్ళెవరూ లేని మొదటి పబ్బులో. బావకి ఆట మీద సరదా పుట్టిందని సంబరపడ్డాడు తను. మీ ఇంట్లో ఏం పెడతారు అని ప్రతి పబ్బులోనూ అడుగుతుంటే మాటకారి అనుకున్నాడు. వేలు అంచున పెట్టి నీళ్ళు పోసుకోవడం, మెట్టు తడమడం, కొయ్యకి మర్యాద చెయ్యడం, ఫోను బరువనడం, కటింగ్ మాస్టరుగా ఊరంతటికీ పేరున్న మనిషి నడుస్తున్న దుకాణాన్ని చేతులారా మూసేసి, "కుట్టింది చాల్లేరా" అనడం. మాట్లాడుతుంటే చెవి పక్కగా ఎటో చూడడం. గోడ వైపు తిరిగి గుమ్మటం బాగుందనడం. అన్నీ ఎప్పుడూ కళ్ళ ముందే ఉన్నాయి. ఒక్కొక్కటీ విడివిడిగా చూసి, ఒక్కొక్కదానికీ విడివిడిగా విసుక్కున్నాడు. బావకి కళ్ళు కనిపించడం లేదు. ఎంత కనిపించడం లేదో, ఎప్పటినుంచో తెలియదు గానీ, లేదు. అక్కకి తెలుసు. ఆ వాగుడంతా అదే. తను దాన్ని మెల్లగా మాట్లాడమన్నాడు. అది పోయాక ఆ పని తనకి అప్పజెప్పినట్టే బావ తనతో రావడం మొదలుపెట్టాడు, "ఏముందిరా అక్కడ?" అని ప్రతి చోటా అడిగాడు, అడిగినప్పుడల్లా తను, "చూడు మరి, నీకూ కళ్ళున్నాయిగా" అన్నాడు. లేకపోతే, "ఫొటో తీశాలే, తర్వాత చూద్దువుగాని" అన్నాడు. తర్వాత చూపిస్తే బావ ఫోను చేతిలోకి తీసుకుని, ఒక క్షణం ఉంచుకుని, బాగుంది అని తిరిగిచ్చేసేవాడు.

అలాంటి మనిషిని ఆ మెట్ల మీద ఒంటరిగా దింపేశాడు. ఏటిగట్టుకి పిట్టగోడ ఉందా? ఉంది, ఉన్నట్టు గుర్తు, కొంత మేర లేదు, పడవలు ఆగే చోట మెట్లు నేరుగా నీళ్ళలోకి దిగుతాయి, పాచి పట్టి ఉన్నాయి, నిన్న తనే ఫొటో తీశాడు వాటిని. గట్టుకీ పబ్బుకీ మధ్య ట్రాము దారి ఒకటి. ట్రాము ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో బోర్డు చూసి తెలుసుకోవాలి. వాన పెరిగింది, వానలో చప్పుళ్ళన్నీ కలిసిపోతాయి. అక్కా, నీ ఆన నేను తీసేస్తున్నా, అనుకున్నాడు గైడు, నువ్వు కూర్చోమన్నది చూపున్నవాళ్ళ సంగతి. కోటు ఒక చేతికే ఎక్కింది, రెండో చెయ్యి దొరకలేదు, బల్ల కదిలి సూపు తొణికింది. లేచి నిలబడేసరికి తలుపు తెరుచుకుంది.

బావ. జుట్టు నుదుటికి అతుక్కుపోయింది, కోటు భుజాలు నల్లగా తడిసిపోయాయి, పక్కన ఎవరో పెద్దావిడ, చేతిలో కూరగాయల సంచీ, ఆయన మోచేతిని వదిలి ఏదో చెప్పి వెళ్ళిపోయింది. బావ గుమ్మంలోనే నిలబడ్డాడు. గది ఇటు చివర నుంచి అటు చివర దాకా చూపు తిప్పాడు. గైడు చెయ్యెత్తాడు, ఎప్పుడూ ఎత్తినట్టే. బావ చూపు ఆ చేతి మీదుగా, అతని మొహం మీదుగా, ఎక్కడా ఆగకుండా, ఖాళీ కుర్చీ మీదుగా వెళ్ళినట్టు వెళ్ళిపోయింది. ఎత్తిన చెయ్యి దించడానికి గైడుకి చాలాసేపు పట్టింది. ఎన్ని స్టేషన్లలో, ఎన్ని గుమ్మాల దగ్గర ఇలాగే చెయ్యెత్తి, "కనబడ్డం లేదా, ఇక్కడే కదా ఉన్నా" అని కసిరాడో. ఇప్పుడు గట్టిగా పిలవలేదు. బల్లల మధ్య నుంచి నడిచి వెళ్ళి, దగ్గరగా, "బావా, నేను. ఇటు" అన్నాడు. ఒక మెట్టుందని చెప్పాడు. బెంచీ ఎడమ వైపుందని చెప్పాడు. బావ మెట్టు దిగాడు, బెంచీ మీద కూర్చున్నాడు, గుడ్డని వేళ్ళతో ఒకసారి తడిమి చూసుకున్నాడు.

"ఆలస్యమైందిరా. వానకి దారి తప్పాను. పాపం ఆవిడెవరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది, నేనేదో ముసలాణ్ణనుకుని."

"సూపు ఉంది. చల్లారిపోయింది, వేడి చేయిస్తా. నీకు కుడి చేతి వైపు రొట్టె, దాని పక్కన వెన్న." గైడు కౌంటరు పైని బోర్డు వైపు తిరిగాడు. "బోర్డు చదువుతాను, వింటావా? మొదటిది కోడి కూర, బంగాళాదుంపలతో. రెండోది..."

బావ చెయ్యి రొట్టె దాకా వెళ్ళి ఆగిపోయింది. "ఎప్పుడు తెలిసింది?"

"ఇప్పుడే. నువ్వు రాకపోయేసరికి."

"నయమే. నేనింకా బస్సు మనిషి కనిపెట్టేస్తాడేమోనని హడలిపోతుంటే." బావ నవ్వబోయి మానేశాడు. "మధ్యలో మసకరా. ఎటు చూస్తే అటే మసక కూడా వస్తుంది. అంచుల్లో కాస్త తెలుస్తుంది. మందులైపోయాయి, సూదులైపోయాయి. అంచులు కూడా ఎన్నాళ్ళుంటాయో చెప్పలేమన్నాడు డాక్టరు."

"ఒక్క ముక్క చెప్పొచ్చు కదా బావా నాకు."

"చెబితే తీసుకొచ్చేవాడివా? ఇంట్లో కూర్చోబెట్టి పళ్ళు కోసిచ్చేవాడివి."

నిజమే, గైడు అదే చేసేవాడు. "పొద్దున నేనన్నవి..." అని మొదలుపెట్టాడు గానీ ఆ వాక్యం ఎలా ముగించాలో తెలియలేదు. బావ ముగించమని అడగలేదు కూడా. కౌంటరావిడ వచ్చి సూపు తీసుకెళ్ళింది. బావ ఆవిడ గొంతు వైపు తిరిగి, మా వాడు ఆకలి మీదున్నాడు, మీ ఇంటివాళ్ళకి పెట్టేదే పెద్ద పళ్ళెంలో తెండి అన్నాడు. ఆవిడ వెళ్ళిపోయాక, పొద్దున గొంతు చించుకుని అడిగిన ప్రశ్ననే గైడు ఇప్పుడు మెల్లగా అడిగాడు. "మరెందుకొస్తావు బావా, నాతో?"

బావ రొట్టె ముక్క తుంపి, తినకుండా వేళ్ళ మధ్య నలిపాడు. "నీ ఫోన్లో మీ అక్క ఫొటో ఒక్కటీ లేదు కదూ?"

"లేదు." అబద్ధం చెప్పడానికి కూడా ఏమీ మిగల్లేదు. "ఒక మోచెయ్యి ఉంది. అంతే. నేనే జరగమన్నాను బావా. ప్రతిసారీ."

"తెలుసులే. నేనూ దాని పక్కనే కదా జరిగింది." బావ గొంతులో నిష్ఠూరం లేదు, అది ఉన్నా తేలిగ్గా ఉండేది గైడుకి. "ఉన్నా నాకు కనబడదురా. ఇంట్లో గోడ మీద దాని ఫొటో పెద్దది ఉంది, దాని ముందు నిలబడితే మొహం ఉండాల్సిన చోట మసక ఉంటుంది. చుట్టూ ఫ్రేము కనిపిస్తుంది. బొమ్మ కదలదు కదా, ఎంతసేపు చూసినా అంతే. నువ్వైతే మాట్లాడతావు, కోప్పడతావు, తల తిప్పుతావు. నిన్ను నేరుగా చూస్తే ఏమీ లేదు. కొంచెం పక్కకి చూస్తే ఆ అంచులో నీ నుదురు, ఈ చెవి పక్క జుట్టు, గడ్డం దగ్గర వంపు తెలుస్తాయి. అవి నీవి కావురా. దానివి. నువ్వు విసుక్కుంటున్నప్పుడు మరీను."

మొహం చూడవు అన్నాడు తను. స్తంభం మీద, అందరూ వింటుండగా.  వేడి చేసిన సూపు వచ్చింది, పెద్ద పళ్ళెం కూడా వచ్చింది, దాని మీంచి ఆవిరి లేస్తోంది, అందులో ఏముందో గైడు చూడలేదు. బావ చెంచా అందుకోలేదు. మొహాన్ని మెల్లగా పక్కకు తిప్పాడు, కిటికీ వైపు, వాన నీళ్ళు జారుతున్న ఆ గరుకు అద్దం వైపు, చూసేవాళ్ళెవరైనా వీధి చూస్తున్నాడనుకునేలా. గైడుకి కళ్ళు మండాయి, చెంపల మీదికి వచ్చినదాన్ని తుడుచుకుందామని చెయ్యెత్తబోయాడు.

"కాసేపు కదలకు" అన్నాడు బావ.

గైడు చెయ్యి దించేసి, అలాగే కూర్చున్నాడు.